అరబీ జోల

"ఏం పాటమ్మే అది? సాయిబుల పాట మాదిరి ఉండాదే!" అని మా అత్త రత్నమణి వాకిట్లోంచి అరిచేదాకా నేను పాడుతున్నానని నాకే తెలియదు. పెరట్లో పీట మీద కూర్చుని, కాళ్లు బారచాపి, వాటి మీద నా మనవరాలిని పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తున్నాను. ఇంకా నెల నిండని పిల్ల. శనగపిండితో నలుగు పెట్టి, మెడ మడతల్లో వేలు పెట్టి కడిగి, చెంబుతో గోరువెచ్చటి నీళ్లు గుండెల మీద పోసేసరికి గుక్కపట్టింది. పసిబిడ్డ నా కాళ్ల మీద ఏడిస్తే నా గొంతు నన్ను అడగకుండానే మొదలుపెడుతుంది. అందులో ఒక్క తెలుగు ముక్క లేదు. అయినా పాప ఏడుపు ఆపి, నీళ్లు కారే రెప్పల సందులోంచి నన్నే చూస్తూ ఉండిపోయింది.

"ఈ ఇంట్లో లోకపు పాటలకే తావు ల్యా. ఇంక నమాజు పాటలా? అదీ పసిబిడ్డ చెవిలోనా?" అంటూ అత్త వచ్చేసింది. చేతిలో ప్రార్థన నూనె సీసా. మందిరంలో అయ్యగారు ప్రార్థించి ఇచ్చే ఆ నూనె మా ఇంట్లో తలనొప్పికీ, పరీక్షలకీ, పాలివ్వని గేదెకీ పనిచేస్తుంది. ఇప్పుడు అరబీకి కూడా పనికొచ్చింది. పాప రెండు చెవులకూ "యేసు నామమున" అంటూ రాసింది. లోపలికి పోతుందేమోనని నేను కొంగుతో ఒత్తాను. "అత్తా, అది నమాజు కాదు, జోలపాట" అన్నాను. "జోలపాటైతే తెలుగులో ఉండదా? నీకు వచ్చింటే కదా!" అంది. నవ్వాలనుకున్నాను. నవ్వు రాలేదు, ఎందుకంటే ఆమె అన్నది నిజం. నాకు వచ్చిన జోలపాట ఒకటే, అది అరబీలో ఉంది.

నేను కువైట్‌కు పోయేటప్పుడు నా బిడ్డ కృపారాణికి పలక మీద దిద్దే వయసు. మా ఆయన యేసుప్రసాద్ ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ లారీలకు మూటలెత్తేవాడు. నడుము పట్టేసి మంచాన పడ్డాక ఆ ఆలోచన చెప్పింది మా అత్తే. "వీధిలో ఇంటికొకతె పోతాంది. నువ్వు మాత్రం యాల పోకూడదు? పిల్లను నేను సాకుతా పో" అంది. సాకింది కూడా. ఆ మాట ఎవరు కాదన్నా నేను కాదనను. అక్కడ నేను పనిచేసే ఇంటి పిల్లలకు తల దువ్వుతుంటే ఇక్కడ నా పిల్లకు ఆమె దువ్వింది. నాకు ఆ పనికి జీతమిచ్చారు, ఆమెకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అందుకే ఆమె ఎంత కసిరినా నాకు పూర్తిగా కోపం రాదు. ఆయన మీద మాత్రం వస్తుంది. నడుము బాగైన తర్వాత కూడా ఆయన మళ్లీ మూట ఎత్తలేదు. అరుగు మీద కూర్చుని, "మా ఆమె ఫారిన్‌లో ఉండాది" అని చెప్పుకోవడమే ఉద్యోగం చేసుకున్నాడు.

కృప డిగ్రీ అయ్యాక తిరిగొచ్చాను. ఉప్పు డబ్బా ఏ అరలో ఉందో తెలియని వంటింట్లో చుట్టపుచూపుగా నిలబడ్డాను. ఆ చుట్టరికం ఎన్నాళ్లో నిలవలేదు. అత్త వంటిల్లు నాకప్పగించి మంచం ఎక్కింది. తెల్లవారి ముగ్గు దగ్గర్నుంచి సాయంత్రం బట్టలు మడతపెట్టేదాకా నేను అక్కడ చేసిన పనే ఇక్కడా చేస్తున్నాను. ఇంటికొచ్చిన వాళ్లతో మాత్రం ఆయన, "కువైట్ నుంచి వచ్చినప్పట్నుంచి ఖాళీగానే ఉండాది" అంటాడు. నేను టీ గ్లాసులు అందిస్తూ ఆ మాట వింటాను. కృపకు సంబంధాలు చూసేటప్పుడు ఇంకో ముచ్చట. పెళ్లివారితో, "ఆమె కువైట్‌లో ఆస్పత్రిలో చేసింది" అని చెప్పాడు. నేను ఏ ఆస్పత్రి గడపా తొక్కలేదు. పనిమనిషి కూతురంటే సంబంధం తప్పిపోతుందని ఆయన భయం. కృప కూడా తల వంచుకుని ఉండిపోయింది. పనిమనిషి అంటే ఎవరికి సిగ్గో నాకు ఇప్పటికీ అర్థం కాదు, ఆ కష్టం తిన్నవాళ్లకా, చేసినదానికా?

పెళ్లయి పోతూ కృప తన పాత ఫోను నాకిచ్చింది. అద్దం పగిలింది గానీ మాట బాగానే వినపడుతుంది. ఒక మధ్యాహ్నం గిన్నెలు తోముతూ, ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు కదా అని, ఆ ఫోనును నీళ్ల తొట్టి గట్టు మీద పెట్టి అరబీలో మాట్లాడాను. నాకు అరబీ చదవడం రాదు, రాయడం రాదు, మాట్లాడడం వచ్చు. "పాతకాలం ఆడవాళ్ల పాటలు ఏమన్నా ఉన్నాయా?" అని అడిగాను. సిగ్గేసింది, గోడతో మాట్లాడినట్టు. ఫోను ఒక్క క్షణం ఆలోచించి వరుసగా పాటలు చూపించింది! తిరిగొచ్చాక నా నోట్లో అరబీ అట్లాగే ముద్దకట్టి ఉండిపోయింది. ఈ ఇంట్లో అది అర్థమైంది ఆ పగిలిన ఫోనుకు ఒక్కదానికే.

ఇంకో సంగతి చెప్తే ఎవరూ నమ్మరు. అన్నేళ్లు కువైట్‌లో ఉండి కూడా నేను పాట విన్నది లేదు. చెవిన పడేది, అంతే. హాల్లో టీవీ మోగేది, డ్రైవరు కారులో పెట్టేవాడు, పెళ్లిళ్లకు ఆడవాళ్లు డప్పు కొట్టి పాడేవాళ్లు. కానీ ఎప్పుడు ఏ గదిలోంచి "ప్రసన్నా" అని కేక పడుతుందోనని కాచుకుని ఉన్న చెవికి పాట ఎక్కదు. అదే పాట మా పెరట్లో, బూడిద చేతుల్తో విన్నప్పుడు ఎక్కింది. ఒక పాటలో ఒక పెద్దావిడ ఒకే మాటను పట్టుకుని ఎన్ని తిప్పులు తిప్పిందో! ఒక్కో తిప్పుకూ ఎదురుగా కూర్చున్న మగవాళ్లు ఆహా అని నిట్టూర్చి, ఇంకోసారి, ఇంకోసారి అంటున్నారు. ఆడమనిషి చెప్పిందే చెప్తుంటే అంతమంది మగవాళ్లు విసుక్కోకుండా వినడం నా జన్మలో చూడలేదు. నేను ఆవిడ పాటకంటే ముందు ఆ వినడాన్ని చూసి ఏడ్చాను.

అక్కడ్నుంచి ఆ ఫోనే నా చెయ్యి పట్టుకుని నడిపించింది. ఒక రోజు ఎడారిలో గుడారాల ముందు కూర్చున్న ఆడవాళ్లు చప్పట్లు కొడుతుంటే ముఖం కప్పుకున్న మగవాళ్లు గిటారు వాయిస్తున్నారు. ఆ ఎండ, ఆ దుమ్ము అచ్చం మా ముద్దనూరు దారి. ఇంకో రోజు ఏదో కొండ దేశంలో మగవాళ్లు భోంచేస్తూ, వాయిద్యం ఏమీ లేకుండా, తలా ఒక గొంతుతో పాడారు. మా మందిరంలో పాత కీర్తనలు అట్లాగే పాడేవాళ్లం, నేను పెద్ద గొంతుతో పాడేవాళ్ల వైపు నిలబడేదాన్ని. పెళ్లయ్యాక, "కోడలు గొంతు మగోళ్లకంటే పైన వినపడతాంది" అని ఎవరో అంటే అత్త నన్ను వెనక వరసలోకి మార్చింది. అప్పట్నుంచి పెదాలు కదిలించడమే. మరొక రోజు ఒక సముద్రపు ఊళ్లో నలుగురు ఆడపిల్లలు రంగు డబ్బాలూ నీళ్ల బిందెలూ వాయిస్తూ పాడారు. ఫోనులో ఆ పాట చూసినవాళ్లు మా మందిరంలో ఆదివారం కూర్చునేవాళ్లంత మంది కూడా లేరు. కింద మాటల్ని ఫోను తెలుగులోకి మార్చి చూపించింది. వాళ్ల వీధికి నీళ్ల బండి రాలేదట. ఇది కూడా పాటేనా అనుకున్నాను. ఇంకోసారి విన్నాను. ఆ బ్యాండు పేరు నాకు నోరు తిరగదు, కానీ ఆ పిల్లల్లో చివర నిలబడిన బక్కదాని గొంతు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాతోనే పని చేసింది. చెవిలో ఆ గొంతు ఉంటే మా ఆయన చొక్కా కాలరు రుద్దడం కూడా అంత అన్యాయంగా అనిపించలేదు.

ఆయన గమనించాడు. "చెవుల్లో ఆ తీగలు పెట్టుకోని ఎవరితో మాట్లాడతాండావు?" అన్నాడు. "ఎవరితో మాట్లాడతాలేను, పాటలు వింటాండా" అన్నాను. ఫోను లాక్కుని మొత్తం వెతికాడు. ఎవరూ లేరు. ఎవరూ లేరని తేలాక ఇంకా కోపమొచ్చింది. ఎవరైనా ఉంటే నాలుగు తిట్టి తీర్పు చెప్పేవాడు. ఊరూ పేరూ తెలియని దేశాల వాళ్లు నాకోసం పాడుతున్నారంటే ఏం చెయ్యాలో పాపం ఆయనకు తోచలేదు. "ఈ వయసులో నీకేం పాటలు?" అని ఫోను మంచం మీద విసిరేశాడు. అప్పట్నుంచి ఇంట్లో వేళాకోళం మొదలైంది. కూరలో ఉప్పెక్కువైతే, "ఏ దేశం పాట వింటా చేసినావే?" అంటాడు. నేను పట్టించుకోలేదు. నాకంటూ అదొక్కటే ఉంది, దాన్ని నవ్వులపాలు చేసినంత మాత్రాన వదులుకుంటానా?

అత్త నూనె రాసిన రోజు మధ్యాహ్నం, కృప పథ్యం అన్నం తింటూ అడిగింది. కాన్పుకు వచ్చినప్పట్నుంచి తను నాతో పాప గురించి తప్ప మాట్లాడింది తక్కువ. నాయనమ్మను తను జేజి అంటుంది.

"జేజి మాటలు వదిలెయ్ మా. ఆ పాట నువ్వు యాడ నేర్చుకుంటివి?"

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అక్కడి నా బతుకు గురించి నా బిడ్డ అడిగిన మొదటి ప్రశ్న అది. కూర వడ్డించడం మరిచిపోయి చెప్పుకుంటూ పోయాను. "ఆ ఇంట్లో ఒక ముసలామె ఉండేదిలే, ఆమె నేర్పించె. పాతకాలంలో కువైట్ మగోళ్లు ముత్యాల కోసం పడవల్లో పోయి నెలల తరబడి వచ్చేవాళ్లు కాదంట. పిల్లోళ్లు నాయన ఏడీ అని ఏడిస్తే తల్లులు ఈ పాట పాడేవాళ్లంట. సముద్రం మీదకు పోయినోళ్లు వస్తారు, నువ్వు కండ్లు మూసుకో, తెరిచేలోపల వాకిట్లో ఉంటారు అని."

"బాగుండాది. ఎవరికి పాడేదానివి?"

"నూరా అని, ఆ ఇంటి చిన్నబిడ్డకు. నేను పోయేటప్పటికి ఉయ్యాల్లో ఉండె. నేను పాడకపోతే నిద్దరే పోయేది కాదు తెలుసా!"

గొప్పగా చెప్పాను. అన్న తర్వాత గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. కృప ముద్దను కంచంలో పెట్టేసింది.

"దినామూ పాడతాంటివా?"

"దినామూ."

"నేను ఫోన్ చేస్తే పనుండాది, మళ్ల చేస్తాలే అని పెట్టేస్తాంటివి. నేను జేజి కొంగు పట్టుకోని, అమ్మ రేపొస్తాది, రేపొస్తాది అనుకుంటా పండుకుంటాంటి. ఆ యాళకు నువ్వు ఆడ ఆ పిల్లకు, పోయినోళ్లు వస్తారులే, కండ్లు మూసుకో అని పాడతాంటివా మా?"

నా దగ్గర జవాబు ఉంది. నీ ఫీజుల కోసమే కదా తల్లీ అనొచ్చు. నీ గొంతు ఫోనులో ఎక్కువసేపు వింటే ఏడుపొస్తుందని, ఏడిస్తే ఇంట్లోవాళ్లకు నచ్చదని తొందరగా పెట్టేసేదాన్ని అనొచ్చు. ఆ పాట నూరాకు పాడుతూ ప్రతిసారీ నిన్నే అనుకునేదాన్ని అని కూడా అనొచ్చు. అన్నీ నిజాలే. కానీ ఆ చిన్నపిల్ల కొంగు పట్టుకుని పడుకున్నది కూడా నిజమే కదా. ఏ నిజం చెప్పి దాన్ని కొట్టేస్తాను?

"అరబ్బోళ్ల పాటని కాదు మా. జేజి మాదిరి నాకు ఆ పట్టింపులు ల్యా. కానీ ఆ పాట నా బిడ్డకు పాడొద్దు" అంది కృప. అరవలేదు. చెయ్యి కడుక్కుని పాప పక్కన పడుకుంది.

ఆ తర్వాత నేను పాడలేదు. విననూ లేదు. ఫోనులో ఏది పెట్టినా ఎవరి పిల్లకో పాడుతున్న ఆడమనిషే కనిపించేది. అన్ని దేశాలూ ఒక్క మాటతో తలుపులేసుకున్నాయి. ఆయన వెతికి ఆపలేనిది, అత్త నూనె రాసి ఆపలేనిది, నా బిడ్డ ముద్ద కంచంలో పెట్టి ఆపేసింది. నీళ్లు పోసేటప్పుడు పాప గుక్కపట్టి ఏడ్చేది, నేను నోరు మూసుకుని గబగబా పోసేసేదాన్ని. "ఇప్పుడు దోవకొచ్చింది" అని అత్త మెచ్చుకుంది. పాప కళ్లు మాత్రం నా నోటి వైపే చూసేవి. అది భరించడం చాలా కష్టంగా ఉండేది.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి మా ఆయన ఉత్సాహంగా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నేను గంజి వారుస్తున్నాను.

"కడప నుంచి ఏజెంటు ఫోన్ చేసినాడు. మీ కువైట్ మామా ఉండాది కదా, ఆమె పెద్దకూతురికి బిడ్డ పుట్టిందంట. నిన్నే పంపమని పట్టుబట్టినారంట. నీ చేతి మీదైతే పిల్లోళ్లు బాగా నిద్దరపోతారంట!"

అక్కడ ఇంటావిడను మేం మామా అనే పిలుస్తాం. ఆయన ఆ కబురును నాకేదో బహుమతి వచ్చినట్టు చెప్పాడు. గంజి ఆవిరి ముఖానికి కొడుతున్నా నేను గిన్నె వంచే ఉన్నాను.

"నేను సరే అని చెప్పేసినా. మూడో నెలలో కృప అత్తగారింటికి పోతాది. ఆమె పోయినాక ఈడ నీకేం పనుండాది?"

నిజం చెప్పాలంటే ఒక్క నిమిషం మనసు లాగింది. అక్కడ నా పాట కోసం అడుగుతున్నారు. ఇక్కడ నా పాట ఎవరికీ వద్దు. అక్కడైతే చేసిన పనికి పని అని పేరైనా ఉంటుంది. పోయి ఆ బిడ్డను భుజాన వేసుకుని గొంతు తెరిచి పాడుకోవచ్చు, ఎవరూ నూనె రాయరు. ఇంత ఆశ నాలో ఉందా అని నాకే భయమేసింది. తల తిప్పి చూస్తే గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద కృప అంతా విన్నది. గోడ వైపు తిరిగి పడుకుని, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుంది. పిల్లల తల్లి అట్లా పడుకోదు, పిల్లలు పడుకుంటారు.

"నేను పోను" అన్నాను.

"ఏమి?"

"పోనయ్యా. ఫోన్ చేసి చెప్పేయ్."

"నేను మాటిచ్చినా! పోకుండా ఏం చేస్తావు ఈడ? చెవుల్లో అవి పెట్టుకోని దేశదేశాల పాటలు వింటా కూర్చుంటావా?"

"వింటా."

ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా వస్తుందని నేననుకోలేదు. ఆయన కూడా అనుకోలేదు. మంచం మీంచి మా అత్త, "గమ్మునుండప్పా. పోనంటాంది కదా, యాల ఎగదోస్తావు?" అంది. అది నా మీద జాలో, ఈ వయసులో మళ్లీ పొయ్యి దగ్గర నిలబడాల్సొస్తుందన్న భయమో నాకు తెలియదు. ఏదైనా నేను తప్పు పట్టను. ఆమెనూ నీకేం కావాలని ఎవరూ ఏనాడూ అడగలేదు. ఆయన చెప్పులేసుకుని విసురుగా వీధిలోకి పోయాడు.

లోపల పాప లేచి ఏడవడం మొదలుపెట్టింది. కృప లేవలేదు. నేను చేతులు తుడుచుకుని గదిలోకి పోయి పాపను భుజాన వేసుకున్నాను. గొంతులోకి ఆ అరబీ జోల వచ్చేసింది. పళ్లు బిగించి ఆపాను. కీర్తనలు వచ్చు, కానీ అవి దేవుడికి పాడేవి. దేవుడు ఏడవడం లేదు. ఇంక నా దగ్గరున్నవి నా మాటలే. ఎట్లా మొదలుపెట్టానో తెలియదు, రాగం ఎక్కడిదో తెలియదు. ముందు గుసగుసలాగే వచ్చింది.

"జొరమొచ్చిన దినము నీ నొసలు పట్టలేదే...
మోకాలి మీద మచ్చ ఎట్లొచ్చెనో తెలీదే...
పెద్దమనిషివైన పూట నీ పక్కన లేకపోతినే...
నా కండ్లు మూస్తే నువ్వే, తెరిస్తే ఎవరి బిడ్డో..."

జోలపాటలో ఇట్లాంటివి ఉంటాయా అంటే ఉండవేమో. అయినా వస్తూనే ఉన్నాయి. ఏ వరసలోనూ నిలబడని గొంతుతో, వీధిలోకి వినపడుతుందేమోనన్న భయం లేకుండా పాడాను. అన్నేళ్లలో నేను చూడనివన్నీ ఒక్కొక్కటిగా పాడాను. కృప ముఖం గోడ వైపే ఉంది, కానీ భుజం కదులుతోంది.

పాపాయి ఎప్పుడో నిద్రపోయింది. దాన్ని ఉయ్యాల్లో వేసి, పాట ఆపకుండానే మంచం అంచున కూర్చుని, నా బిడ్డ వీపు మీద చెయ్యేసి జోకొట్టడం మొదలుపెట్టాను. పెద్దపిల్ల, నిద్రపోవడానికి చాలాసేపు పడుతుంది.